బ్రయోజోవనుల వేసవి

ఓరుగల్లు సీమలో పెద్ద చెఱువు ఏదియైనను సరే, దాని కట్ట మీద నిలిచినవానికి మొదట జ్ఞప్తికి వచ్చునది కాకతీయుల పేరు. గణపతిదేవుని కాలమున వెలసిన పాకాల చెఱువు, రేచర్ల రుద్రుడు గుడితోపాటు కట్టించిన రామప్ప చెఱువు, గుట్టల నడుమ ఒదిగిన లక్నవరము, నగరమధ్యమున భద్రకాళి గుడిని ఆనుకొనియున్న తటాకము, ఇవన్నియు చరిత్రకారులకు చేతినిండ పని కల్పించినవి. వారు కట్టల పొడవు కొలిచిరి, తూముల పనితనమును మెచ్చిరి, శాసనములను చదివిరి. కాని తూము రాళ్ళకు అంటుకొని, తామరాకుల అడుగున ప్రాకి, నీట మునిగిన తుమ్మకొమ్మల మీద అల్లుకొని బ్రతుకు అల్పప్రాణుల జోలికి పోయినవారు మన దేశమున వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమందియే. అట్టి ప్రాణులలో బ్రయోజోవనులు ఒక తెగ. చెఱువు నిండియున్నంత కాలము ఇవి చేయు ఘనకార్యమేమియు లేదు. చెఱువు ఎండిపోవునపుడు తమ వంశము నిలుచుటకు ఇవి చేసికొను ఏర్పాటు మాత్రము జంతుప్రపంచమున మిక్కిలి అరుదైనది.

చూపునకు ఇవి జంతువులని తోచవు. కలువతూడు మీదనో, నానిన కఱ్ఱ మీదనో గోధుమరంగు సన్నని గొట్టములు కొమ్మలుగా చీలుచు పాకియుండును. నాచు అనుకొని ఎవరైనను దులిపివేయుదురు. అట్టి కఱ్ఱముక్క నొకదానిని విఱిచి, అదే చెఱువు నీటితో నింపిన గాజు గ్లాసులో కదలకుండ ఉంచి, కొంతసేపు ఓపిక పట్టినచో, ప్రతి గొట్టము కొననుండియు తెల్లని కుచ్చొకటి మెల్లగా వెలికి వచ్చి విచ్చుకొనును. భూతద్దముతో చూచినపుడు అది లాడము ఆకారమున వరుసగా నిలిచిన స్పర్శకముల సమూహమని తెలియును. గ్లాసును వ్రేలితో తట్టినంతనే కనుఱెప్పపాటులో కుచ్చులన్నియు గొట్టములలోనికి మాయమగును. మరల కొంతసేపటికి, ఒకదాని వెనుక నొకటి, జంకుచు బయటికి వచ్చును. నాచునకు ఈ జంకు లేదు.

స్పర్శకముల మీదనున్న శైలికలు ఎడతెగక కదలుచు నీటిలో చిన్న ప్రవాహమును పుట్టించును. ఆ ప్రవాహముతో వచ్చు సూక్ష్మశైవలములు, బాక్టీరియాలు, కుళ్ళిన ఆకుల నలుసులు నోటిలోనికి చేరును. ఆహారనాళము వంకీ తిరిగి మరల పైకే వచ్చుటచే మలద్వారము నోటికి సమీపముననే, కుచ్చునకు వెలుపల తెఱచుకొనును. ఇట్టి చిన్న ప్రాణి, అనగా జీవకము, ఒక్కొక్కటి మిల్లీమీటరుకు అటునిటుగా మాత్రముండును. అయినను ఏ జీవకమును ఒంటరి కాదు. వందలును వేలును కలిసి, లోపలి శరీరద్రవమును పంచుకొనుచు, ఒకే సహనివేశముగా బ్రతుకును. నేడు జీవించియున్న బ్రయోజోవన జాతులు సుమారు 6000 కాగా, వానిలో అత్యధిక భాగము సముద్రవాసులు. మంచినీటికే కట్టుబడిన ఫైలాక్టోలీమేటా అను తరగతిలో వందకు లోబడిన జాతులే కలవు. మనము చెప్పుకొనబోవు విద్య ఈ కొలదిమంది సొత్తు. సముద్రము ఎండదు గనుక సముద్రవాసులకు దాని అవసరము కలుగలేదని ఊహింపవచ్చును.

మంచినీటి బ్రయోజోవనులను మొదట గుర్తించినవాడు స్విట్జర్లాండు దేశస్థుడగు ఆబ్రహాం ట్రెంబ్లీ. హాలండులో ఒక ప్రభువు బిడ్డలకు చదువు చెప్పుచు, తీరిక వేళల గాజు పాత్రలలో హైడ్రాలను పెంచి, ముక్కలు చేసినను ప్రతి ముక్కయు పూర్ణప్రాణి యగుటను చూపి యూరపును ఆశ్చర్యపరచిన మహనీయుడితడే. ఆ పాత్రల నడుమనే 1741లో ఆయనకు ఈ కుచ్చుల జీవి కానవచ్చినది. తరువాత నూఱేండ్లు గడచిన పిమ్మట, 1856లో, జార్జి జేమ్స్ ఆల్మన్ మంచినీటి బ్రయోజోవనులపై ఒక బృహద్గ్రంథమును ప్రకటించెను. నేటి మన కథకు నాయకమైన స్టాటోబ్లాస్టునకు ఆ పేరు పెట్టినవాడు ఆయనయే.

మన దేశపు తొలి అధ్యాయము తెలుగునాటికి పొరుగుననే, నాగపురమున జరిగినది. స్టీఫెన్ హిస్లాప్ అను స్కాట్లండు మిషనరీ అచట మతబోధతోపాటు రాళ్ళను, శిలాజములను, గోండుల కథలను గూడ అంతే ఆసక్తితో ప్రోగుచేయుచుండెను. ఆయనకు దొరికిన ఒక మంచినీటి బ్రయోజోవనును బొంబాయిలో వైద్యుడుగా నుండిన హెన్రీ జాన్ కార్టర్ 1858లో వర్ణించి, కనుగొన్నవాని పేరిట హిస్లోపియా లాకస్ట్రిస్ అని నామకరణము చేసెను. ఆసిఫాబాదు ప్రాంతపు మలేరిలో దొరికిన పుపుసమత్స్యపు పంటి శిలాజమునకును హిస్లాప్ పేరే పెట్టబడినది గనుక, ఈ మనుష్యునికి తెలంగాణపు మట్టితోను సంబంధము కలదు. 1863 సెప్టెంబరులో పొంగిపారుచున్న వాగును దాటుచు ఆయన మునిగి మరణించెను. నీటి ప్రాణికి పేరిచ్చినవానిని నీరే తీసికొనిపోయినది. అయితే హిస్లోపియా ఫైలాక్టోలీమేటా తరగతిది కాదు, దానికి స్టాటోబ్లాస్టులు లేవు. ఆ విద్య తెలిసిన మన దేశపు ప్లూమటెల్లా మొదలగు ప్రజాతులను క్రమముగా పరిశీలించినవాడు కలకత్తా ఇండియన్ మ్యూజియమున పనిచేసిన నెల్సన్ ఆనందేల్. ఆయన 1911లో ప్రకటించిన మంచినీటి స్పంజికలు, హైడ్రాలు, బ్రయోజోవనుల సంపుటము నేటికిని ఈ విషయమున మనకు మొదటి మెట్టు. 1916లో స్థాపింపబడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టరును ఆయనయే.

ఇక ఇవి పెరుగు తీరు. సహనివేశము విస్తరించుట కోరకీభవనము వలన. ఒక జీవకపు శరీరకుడ్యమున చిన్న ఉబ్బు ఏర్పడి, అది కొత్త జీవకమై, తన వంతుగా మరల కోరకములను పెట్టును. నీరు వెచ్చగా, ఆహారము సమృద్ధిగా ఉన్నప్పుడు ఈ పెరుగుదల అతిశీఘ్రము. కొన్ని జాతులలో సహనివేశమే రెండుగా చీలి, ఒక్కొక్క భాగమును వేఱుగా జరిగిపోవును. జిగురు ముద్దగా నుండు లోఫోపస్, ఆకు మీద మందగమనముతో ప్రాకగల క్రిస్టటెల్లా ఇట్టివి. విఱిగిన కొమ్మముక్క కొట్టుకొనిపోయి మఱియొకచోట తగులుకొని బ్రతుకుటయు కలదు. ఇంతవరకు ఇందు వింతలేదు. పెక్కు అకశేరుకములు ఈ మాత్రము చేయును.

వింత యంతయు జీవకపు కడుపులో జరుగును. జీర్ణకోశము అడుగునుండి శరీరకుడ్యము వరకు ఒక సన్నని కణసూత్రము సాగియుండును. తల్లి ఇంకను పుష్టిగా తినుచున్న రోజులలోనే, చెఱువులో నీటికి ఏ కొఱతయు కానరాని కాలముననే, ఆ సూత్రము మీద కొన్ని కణములు గుమికూడుట మొదలిడును. శరీరకుడ్యమునుండి వలస వచ్చిన కణములు పలుచని పళ్ళెముగా అమరి, నడుమనున్న పోషకద్రవ్యపు ముద్దను అన్ని వైపులనుండి కప్పివేయును. పిమ్మట అవి తమ వెలుపల కైటిన్ అను దృఢపదార్థమును స్రవించి, రెండు రేకులను గట్టిగా ఒండొంటికి అదికి మూసిన కుంకుమ భరిణె వంటి పెట్టెను నిర్మించును. కీటకముల పై పెంకునకు బలమిచ్చునది ఈ కైటినే. పెట్టె లోపల మిగిలినది ఆహారపు నిలువతోపాటు కొద్దిపాటి జీవకణరాశి మాత్రమే. దానికి కుచ్చు లేదు, నోరు లేదు, ఆకలి లేదు. ఇదియే స్టాటోబ్లాస్టు. ఒకే సూత్రము మీద ఇట్టివి పెక్కు, వివిధ దశలలో, వరుసగా తయారగుచుండుటను పారదర్శకమగు గొట్టము గుండా సూక్ష్మదర్శినిలో చూడవచ్చును.

మొక్కల గింజతో దీనిని పోల్చుట చూచినవారికి సహజముగా తోచును గాని, ఆ పోలిక ఒకచోట తప్పును. గింజ తల్లిదండ్రులిరువురి కలయిక ఫలము. స్టాటోబ్లాస్టునకు తండ్రి లేడు. అందుండి వెడలు జీవకము వంశసారమున తల్లికి మాఱుప్రతి. కావున ఈ యేటి చలికాలమున ఒక కొమ్మ మీద కానవచ్చు సహనివేశము నిరుటి సహనివేశమునకు కూతురా, లేక అదియేనా అను ప్రశ్నకు నేను సూటిగా సమాధానము చెప్పజాలను. శరీరము నిశ్చయముగా నశించినది. వ్యక్తి నశించినదని చెప్పుటకు మాత్రము నాలుక తడబడును.

స్టాటోబ్లాస్టులన్నియు ఒకే తీరున నుండవు. ఈ భేదములలో గొప్ప వివేకము కలదు. తేలుడు జాతివానికి అంచు పొడవునా బోలు కణములు వలయముగా ఏర్పడి, వానిలో వాయువు నిండియుండును. తల్లి గొట్టము కుళ్ళినంతనే ఇవి పైకి తేలి గాలి వాలున పోవును. చాలవఱకు అర మిల్లీమీటరును మించని ఈ గోధుమరంగు నలుసులను గట్టున చూచినవాడు ధూళి యనుకొనును. రెండవ తీరువి తేలవు. తల్లి నిలిచిన కఱ్ఱకో రాతికో జిగురుతో గట్టిగా అంటుకొని, సహనివేశము పూర్తిగా రాలిపోయిన పిదపను అచటనే కావలియుండును. ప్లూమటెల్లా ఈ రెండింటిని తానే తయారుచేసి, కొందఱిని దేశాంతరము పంపి, కొందఱిని ఇంటికి కాపు పెట్టును. ఫ్రెడరిసెల్లాకు తేలుడు విద్య లేదు. దాని స్టాటోబ్లాస్టు తల్లి గొట్టములోనే పడియుండును. పెక్టినటెల్లా, క్రిస్టటెల్లాల స్టాటోబ్లాస్టుల చుట్టును కొక్కెములుండుటచే, అవి ఈకలకును కలుపుమొక్కలకును చిక్కుకొని ప్రయాణము చేయగలవు. జపాను పండితుడు ఓకా 1907లో వర్ణించినదియు, మన దేశముననూ కలదియు అగు ప్లూమటెల్లా కాస్మియానా వీనన్నింటికి తోడు మఱియొక ఎత్తు వేయును: పలుచని పెంకుతో, నిద్రయే యెఱుగని స్టాటోబ్లాస్టులను గూడ పెట్టును. తక్కినవి కఱవునకు దాచిన ధాన్యమైనచో, ఇవి వెంటనే మొలకెత్తి ఆ సీజనులోనే చెఱువును ఆక్రమించుటకు వినియోగపడును.

యూరపు గ్రంథములలో స్టాటోబ్లాస్టును శీతకాలపు సాధనముగా వర్ణించుట పరిపాటి. అచట హేమంతమున నీరు గడ్డకట్టును, సహనివేశములు చచ్చును, స్టాటోబ్లాస్టులు మంచుక్రింద చలిని ఓర్చి వసంతమున విచ్చుకొనును. ఈ వర్ణనను మన పాఠ్యపుస్తకములు యథాతథముగా ఎత్తి వ్రాసికొనుట నాకు రుచింపదు. కలకత్తాలో కూర్చుండి చూచిన ఆనందేల్ గమనించినది దీనికి తలక్రిందులు: మన మైదానములలో ఈ ప్రాణులకు చలిరోజులే పండుగ రోజులు, ఎండకాలమే యమగండము. ఓరుగల్లు లెక్క అందుకు సరిపోవును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు వానలు కురిసి చెఱువులు నిండును. కార్తీకము మొదలు మాఘము దాక నీరు తేటగా, చల్లగా నుండును. ఏప్రిల్ నాటికి చిన్న కుంటలు బురదయై, మే నెలలో 45 డిగ్రీలకు ఎగబ్రాకు ఎండలో చెఱువు అడుగైన శిఖం భూమి అంతయు నెఱియలు విచ్చును. స్టాటోబ్లాస్టునకు శత్రువు చలియా, ఎండయా అను విచక్షణ లేదు; గడ్డకట్టుటకును, ఎండిపోవుటకును ఒకే పెట్టె, ఒకే నిద్ర. రెండు ఖండముల పంచాంగములు వేఱైనను పరికరమును మార్చవలసిన పని దానికి కలుగలేదు.

ఈ నిద్ర ఎంతకాలము సాగును? అమెరికా పరిశోధకురాలు మేరీ రోజిక్ ప్రయోగములలో లోఫోపొడెల్లా కార్టరీ అను జాతి స్టాటోబ్లాస్టులు నాలుగేండ్లకు పైగా పొడిగా నిలువయుండియు, నీరు తగిలిన పిదప మొలకెత్తినవి. మన చెఱువులు వరుసగా నాలుగేండ్లు నిండకుండుట గడ్డు కఱవులలో గాని జరుగదు. మొలకెత్తు తీరును సరళమైనదే: తడియు, వెలుతురును, అనుకూలమగు వెచ్చదనమును లభించిన కొలది దినములలో రేకులు అంచుకడ విడిపోయి, నడుమనుండి ఒంటరి జీవకమొకటి తల యెత్తి, దగ్గఱి ఆధారమునకు అంటుకొని, కోరకములు పెట్టుట కారంభించును. సంఖ్యాబలము మాట కూడ చెప్పవలెను. మిచిగన్‌లోని డగ్లస్ సరస్సున, 1930ల ఆరంభమున, ఒక చదరపు మీటరు గట్టుమొక్కలపై నున్న ప్లూమటెల్లా సహనివేశములనుండి 8,00,000 స్టాటోబ్లాస్టులు తయారగునని అంచనా వేసిరి. అచట ఒడ్డు పొడవునా అరమైలు దూరము ఇవి చాళ్ళుగా కొట్టుకొనివచ్చి పేరియుండెనట. ఇందు నూటికి తొంబదితొమ్మిది వృథా పోయినను వంశమునకు లోటు లేదు.

తేలు స్టాటోబ్లాస్టులకు కాకతీయుల నీటిపారుదల ఏర్పాటు చేసిపెట్టినంత సౌకర్యము మఱియే దేశమునను ఉన్నదో లేదో! తెలంగాణపు చెఱువులు గొలుసుకట్టుగా కట్టబడినవి. ఎగువ చెఱువు నిండి మత్తడి దూకిన నీరు వాగుపట్టి దిగువ చెఱువునకు చేరును. నీటిమట్టము పెరిగినపుడు మొదట మత్తడి మీదుగా పోవునది పైని తేలుచున్న చెత్తయే గనుక, అందలి స్టాటోబ్లాస్టులకు ఒక్క వానాకాలములోనే పలు ఊళ్ళు తిరుగు యోగము కలుగును. గొలుసు తెగినచోట బాతులున్నవి. బాతు మ్రింగిన స్టాటోబ్లాస్టులలో కొన్ని దాని కడుపు గుండా పోయి రెట్టతో వెలువడిన పిదపను మొలకెత్తుట ప్రయోగములలో రుజువైనది. లండను నాచురల్ హిస్టరీ మ్యూజియము శాస్త్రజ్ఞురాలు బెత్ ఓకమురా, ఆమె సహచరులును యూరపులో క్రిస్టటెల్లా జన్యువులను పరిశీలించి, నీటిపక్షుల వలసత్రోవ వెంబడి దూరదూరపు సరస్సుల సహనివేశముల మధ్యను సంబంధములున్నవని చూపిరి. చలికాలమున ఉత్తరాదినుండి పాకాలకు దిగు బాతుల కాళ్ళయందును కడుపులయందును ఏమేమి దిగుచున్నవో వెదకదగినదే. ఇక 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద చెఱువుల పూడిక తీసి చేలకు తోలినపుడు, ఆ మట్టితోపాటు కదలినవానిలో మిర్చిచేలకు చేరినవాని గతి అధోగతియే. వరిమడిలో పడినవానికి మాత్రము కొంత ఆశ కలదు.

ఇన్ని సాధనములుండగా లైంగిక ప్రత్యుత్పత్తి వీనికి ఎందుకని అడుగవచ్చును. అదియును కలదు. జీవకములు ఉభయలింగులు, అండము తల్లి దేహములోనే ఫలించి, శైలికలతో కప్పబడిన డింభకమై వెలువడి, కొన్ని గంటలు మాత్రము ఈది ఎచటనో నిలుచును. యేడాదిలో ఈ వ్యవహారము సాగునది స్వల్పకాలమే. వంశమున కొత్త కలయికలు పుట్టుటకు ఇది అవసరము. గండము గడచుటకు దీనివలన ఉపకారము లేదు, ఏలయన డింభకము మెత్తనిది, ఎండిన మట్టిలో అది ఒక్కపూట నిలువదు.

మనుష్యునికి వీనివలన మేలు కీడు రెండును స్వల్పమే యైనను, కీడు ఒకప్పుడు ప్రసిద్ధికెక్కినది. హాంబర్గు నగరము ఎల్బే నది నీటిని వడపోయకయే గొట్టములలోనికి ఎక్కించుచున్న కాలమున ఆ గొట్టముల లోపలిగోడలు ప్రాణులతో నిండిపోగా, కార్ల్ క్రేపెలిన్ 1885లో వాని పట్టికను ప్రకటించెను. బ్రయోజోవనులు అందు ముఖ్యులు. 1892 కలరా ఆ నగరమున ఎనిమిది వేలకు పైగా ప్రాణములను బలిగొన్న పిమ్మట, 1893లో ఇసుక వడపోత ఏర్పడినది. గొట్టములోని బ్రయోజోవనును పీకివేయుట తేలిక, రాతికి అంటినట్లు గోడకంటిన స్టాటోబ్లాస్టును వదలించుట కష్టము. ధర్మసాగరము వంటి జలాశయములనుండి నగరమునకు నీరు తెచ్చు ఇంజనీర్లకు ఇది తెలిసియుండదగిన విషయము. పైని చెప్పిన లోఫోపొడెల్లా కార్టరీ బొంబాయిలో కార్టర్ కనుగొన్న జాతియే. అది జలమొక్కల వెంట కాబోలు సముద్రములు దాటి 1930లలో అమెరికా సరస్సులలో కానవచ్చినది. దాని సహనివేశమును నలిపినపుడు వెలువడు ద్రవము చేపల మొప్పలను చెఱచి చంపునని అచటి ప్రయోగములు తెలిపినవి. నలుపనంతవరకు అది ఎవరి జోలికి పోదు.

వీనిని వెదకగోరు విద్యార్థి చలికాలముదాక ఆగనక్కరలేదు. మండు వేసవిలో, ఎండిన కుంట అంచునుండి పిడికెడు మట్టి తెచ్చి, చిదిపి, పళ్ళెములో నీరు పోసినచో, తేలు స్టాటోబ్లాస్టులు పైకి వచ్చును. వానిని సన్నని కుంచెతో ఎత్తి సూక్ష్మదర్శిని క్రింద ఉంచవలెను. అంచు వలయపు వెడల్పు, నడుమ కిటికీ వలె కానవచ్చు భాగపు ఆకారము, కొక్కెములు ఉండుట లేకుండుట, ఉపరితలముననున్న బుడిపెలు, ఇవియే జాతులను వేఱుచేయు గుర్తులు. సజీవమగు సహనివేశమును చూచి చెప్పలేనివారు గూడ స్టాటోబ్లాస్టును చూచి పేరు చెప్పగలరు. జీవము పోయిన పిదపను కైటిన్ రేకులు ఒండ్రులో చెడక చిరకాలముండును. నీటిలో పోషకద్రవ్యములు హెచ్చినకొలది ప్లూమటెల్లా స్టాటోబ్లాస్టులు అడుగుమట్టిలో హెచ్చుననియు యూరపు సరస్సుల యందు తేలినది. ఎనిమిది శతాబ్దుల ఒండ్రు పేరిన పాకాల వంటి చెఱువు అడుగున, పూడికతీత యంత్రము ఇంకను చేరని చోటు చూచి గొట్టము దింపి మట్టిని పొరలు పొరలుగా తీసినచో, ఏ కాలమున చెఱువు నీరు తేటగానుండెనో, ఏ కాలమున ఊరి మురుగు, చేల యెరువు వచ్చి చేరెనో ఈ రేకుల లెక్కవలన తెలియును.